కుడి చెయ్యి

“కుడి చెయ్యి చాపుండ్రి శ్యాం సార్, పనైపోతది,” అంటూ తిరుమల మేడం రాఖీ ప్యాకెట్ చింపింది. పండుగ వెళ్లాక మట్టెవాడ బజారులో సగం ధరకు దొరికిన రాఖీ అది.

ఎనుమాములలోని ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో, ఆడవాళ్లపై వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీకి ఆవిడే అధ్యక్షురాలు. గోదాంలో మేనేజర్ శ్యాంసుందర్ తన నడుం మీద చెయ్యేశాడని అకౌంట్స్ స్రవంతి ఫిర్యాదు చేసింది. కమిటీ అతన్ని పిలిపించి సమోసాలు తెప్పించింది. మొదటి ప్లేటు అతనికే అందింది.

“సాక్షులను పిలువరా మేడం?” స్రవంతి అడిగింది.

“సాక్షులెందుకు బిడ్డా? నీ ఇజ్జత్ కోసమే చెప్తున్న. రాఖీ కట్టు, అన్నాచెల్లెండ్లు అయిపోతరు.”

“రాజీ కావాల్నంటే నేనడగాలె. చట్టంల అట్లనే ఉన్నది. నేనడగలే.”

ఆ చట్టం పుస్తకం మేడం సమోసా ప్లేటు కింద నూనె పీల్చుకుంటోంది.

“ఈ కాలం పిల్లలకు అన్నీ తెలుసు, సర్దుకపోవుడే తెల్వది,” ఆవిడ నిట్టూర్చింది. భోజనం వేళకు ఫైలు మూసేస్తే ఓనరు మెచ్చుకుంటాడని ఆవిడ ఆశ.

“నాకేం లేదు మేడం, చెల్లె లెక్కనే చూస్త,” శ్యాంసుందర్ పెద్దమనసు చేసుకుని చెయ్యి చాపాడు.

స్రవంతి రాఖీ అందుకోలేదు.

“మొన్న రాఖీ పున్నానికి ఆఫీసుల అందరి ముంగట సారుకు కట్టిన మేడం. మీరే ఫోటో తీసి గ్రూపుల పెట్టిండ్రు. ఆ రాఖీ చేతికి ఉండంగనే గోదాంల నా నడుం మీద ఏసిండు. గా చెయ్యే.”

తిరుమల మొదటిసారి ఆ చేతిని చూసింది. శ్యాంసుందర్ దాన్ని మెల్లగా బల్ల కిందికి లాక్కున్నాడు.