యూరియా జవాబు

అర్చన పుస్తకం తెరిచిందంటే చాలు, జోసెఫ్ సార్‌కు ఒళ్లు మండుకొచ్చేది.

వనపర్తి కాలేజీలో ఇరవై రెండేళ్లు జువాలజీ చెప్పిన మనిషి ఆయన. ఈ పిల్ల క్లాసులో ముందు బెంచీలో కూర్చునేదే. 2006 డిగ్రీ ఫైనల్ పరీక్షలు పది రోజులున్నాయనగా మతి పోయినట్టుంది. రోజూ సాయంత్రం ఆత్మకూరు బస్సు ఎక్కేముందు సార్ ఇంటికొస్తుంది. ఎదురుగా కూర్చుని ఒకటే పాఠం గట్టిగా అప్పజెప్తుంది. నాడీకణాలకు కొమ్మలెలా మొలుస్తాయన్నది ఆ పాఠం.

మొదటి రోజు, మొలిపించేవి విటమిన్లంది. సార్ తల అడ్డంగా ఊపాడు.

మర్నాడు సున్నమంది. సార్ ఎడమచేత్తో పలకమీద కణం బొమ్మ గీశాడు. కొమ్మ మొదట్లో బలపంతో టకటకా కొట్టి చూపించాడు.

"ఓ, గదా సార్! ఉప్పు!"

సార్ పలక విసిరేశాడు. వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తున్న ఆయన భార్య సారమ్మ, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

మూడో రోజు అర్చన మరీ హుషారుగా వచ్చింది.

"ఇయ్యాల పక్కాగ చెప్త సార్. పత్తిచేను కొమ్మలెయ్యాల్నంటె ఏం చల్తరు? యూరియా! నాడీకణానికి గూడ గంతే. యూరియా!"

సార్ మొహం కందగడ్డయింది. మెడ నరాలు ఉబ్బాయి. కుర్చీ చేతిమీద ధనామని గుద్దాడు.

"ప్రో... ప్రోటీన్! ప్రోటీన్, పిల్లా!"

అర్చన చేతిలో పుస్తకం జారి కిందపడింది.

"అమ్మా, ఇన్నరా?"

"ఇన్న బిడ్డా, ఇన్న!"

సారమ్మ పిండిచేతులతోనే ఉరికొచ్చి అర్చనను వాటేసుకుంది. ఇద్దరూ నవ్వుతూ, ఏడుస్తూ, గదంతా గిర్రున తిరిగారు. స్టూలు పడింది. చెంబు దొర్లింది. సార్ తెల్లబోయి చూస్తున్నాడు.

అర్చన కళ్లు తుడుచుకుని, పుస్తకం వైపు చూడకుండానే పాఠం అందుకుంది.

"కణం లోపట ప్రోటీన్లు పోగులు కట్టి పొరను బయటికి నెడ్తయి సార్. ఆడ కొమ్మ మొలుస్తది. మెదడుల యాడన్న దెబ్బ తగిల్తే, పక్క కణాలు కొత్త కొమ్మలేసి జరంత పని అందుకుంటయి. అన్నీ మీరు క్లాసుల చెప్పినవే."

ఒక్క తప్పు లేదు.

ఎనిమిది నెలల కింద పక్షవాతంతో మాట పడిపోయాక జోసెఫ్ సార్ నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి మాట, ప్రోటీన్.