పక్క ప్లేటు

"ఔట్," అంది అంపైర్ మార్లీన్.

పెద్దవాళ్ల సాఫ్ట్‌బాల్ ఆటలో, నేల మీద వేసిన ప్లేటు తొక్కి గెలిపించే పరుగు తీశాననుకున్న డెబ్భై ఎనిమిదేళ్ల డ్వేన్ రొప్పుతూనే తగువుకు దిగాడు. "బంతి రాకముందే ప్లేటు తొక్కానుగా?"

"అది బంతి పట్టే క్యాచర్‌ది. ఒకళ్లనొకళ్లు గుద్దుకోకుండా పరిగెత్తే మీకు పక్కన ఇంకోటి వేశాంగా."

"అరవై ఏళ్ల అలవాటు, కాళ్లకేం తెలుస్తుంది? ఇదంతా లైల్ కక్ష. అప్పుడెప్పుడో గుద్ది తన భుజం ఎముక విరగ్గొట్టానని పట్టుబట్టి ఈ రూలు పెట్టించాడు."

క్యాచర్ లైల్ మొహానికున్న జాలీ తీశాడు. "నా ఎముక అతుక్కుని ఇరవై ఏళ్లయిందిరా. రూలు పెట్టించింది నిరుడు, నీకు తుంటి కీలు మార్చాక."

డ్వేన్ వెళ్లి పక్క ప్లేటు మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు.

"ఇప్పుడు తొక్కినా ఔటే," అంది మార్లీన్.

"తెలుసులే. కాళ్లకు చూపిస్తున్నా."