కుట్టు లేని కోటు

"నవ్వకు లస్సాద్! తనిఖీకి వచ్చినవాళ్ల ముందు నవ్వితే ఏదో దాస్తున్నామనుకుంటారు," అంది దలెండా, అతను వేసుకున్న కోటు భుజం మీద ఊడిన బిళ్లను సరిచేస్తూ.

"మొహం మాడ్చుకుంటే నువ్వు జీతం ఎగ్గొడుతున్నావనుకుంటారు. నవ్వనా, ఏడవనా?"

"నోరు మూసుకుని నుంచో. అడిగినదానికి మాత్రం నిజం చెప్పు."

మొనస్తీర్ ఊళ్లో జీన్స్ కుట్టే కార్ఖానాలకు కొదవ లేదు. అక్కడ కత్తిరింపుల్లో మిగిలిన పేలికల్ని దలెండా మూటలు కట్టి తెచ్చుకుంటుంది. లస్సాద్ వాటిని లేజరు యంత్రం మీద అరచేతిలో ఇమిడే ఆరు మూలల బిళ్లలుగా కోస్తాడు. ప్రతి బిళ్లకూ కొన్ని అంచుల్లో నాలుకలు, కొన్ని అంచుల్లో చీలికలు ఉంటాయి. నాలుకను చీలికలో దూర్చి తిప్పితే బిళ్లా బిళ్లా కలిసి కోటు తయారవుతుంది. సూదీ దారంతో పనే లేదు. ఈ ఆలోచన దలెండాది. ఏ పేలికను ఎటు తిప్పిపెడితే ఎక్కువ బిళ్లలు వస్తాయో కనిపెట్టింది మాత్రం లస్సాద్.

ఈ వారంలో తమ మనిషిని పంపుతామని రాజధాని టునిస్ నుంచి ఒక పెద్ద కంపెనీ ఫోను చేసింది. ఏ రోజో చెప్పలేదు. విదేశాలకు బట్టలు పంపే కంపెనీల తీరే అంత. చెప్పాపెట్టకుండా దిగబడతారు. బట్ట కంటే ముందు పనివాణ్ణి చూస్తారు. వయసెంత, ఒంట్లో ఎలా ఉంటుంది, ఇంటికి ఎన్నింటికి వెళతాడు, యజమానికి చుట్టమా, అన్నీ కూపీ లాగుతారు. ఒక్క జవాబు తేడా వచ్చినా ఆర్డరు గోవిందా.

ఆ ఆర్డరు రాకపోతే లస్సాద్ స్ఫాక్స్ ఊళ్లో వాళ్ల బావ కార్ఖానాకు వెళ్లిపోతాడు. వెళ్లాలని అతనికీ లేదు, కానీ ఎన్నాళ్లని అరకొర జీతంతో నెట్టుకొస్తాడు? యంత్రం నడిపేవాడు వెతికితే దొరుకుతాడు. లస్సాద్ లాంటివాడు దొరకడు. దలెండాకు అతనంటే ఇష్టం. ఆ మాట ఇంతవరకు అతనితో అనలేదు. ఆర్డరు చేతికొచ్చాక అందామనుకుంది.

తలుపు దగ్గర అలికిడైంది. తలకు మంచి సిల్కు రుమాలు కట్టుకున్న నడివయసు ఆవిడ లోపలికి తొంగి చూసింది.

"లస్సాద్ పనిచేసేది ఇక్కడేనా? చెప్పకుండా వచ్చాను, ఏమీ అనుకోకు."

పనివాడి పేరు కూడా కనుక్కుని వచ్చారంటే గట్టి మనిషే అనుకుంది దలెండా. "అయ్యో, చెప్పకుండా రావడమే కదండీ పద్ధతి! రండి మదామ్."

"తెలిసినదానివే," అని ఆవిడ నవ్వింది. "మదామేంటమ్మా, బెహీజా పిన్నీ అను చాలు."

దలెండా పుదీనా టీ పోసిచ్చి కోటు సంగతి ఎత్తుకుంది. "చిరిగితే ఆ ఒక్క బిళ్లే మార్చుకోవచ్చు పిన్నీ. లావైతే పక్కన ఒక వరస కలుపుకోవచ్చు. చేతులు ఊడదీస్తే సంచీలు అవుతాయి. బిళ్లకు పనికిరాని పీలికలు కూడా పారెయ్యం, భుజాల్లో కూరేస్తాం."

"బాగుంది, బాగుంది," అంటూనే బెహీజా చూపు కోటు దాటి మనిషి మీదకు పోయింది. "ఏదీ నాయనా, ఇటు తిరుగు. వెలుతుర్లోకి రా. వయసెంత?"

"ముప్ఫై దాటింది పిన్నీ."

"సిగరెట్టు?"

"ఈ పేలికల మధ్య సిగరెట్టు కాలిస్తే నేనూ కాలిపోతా."

దలెండా అతని వైపు గుడ్లురిమింది. కానీ బెహీజా పకపకా నవ్వింది. "ఈ కాలిన వాసనకు దగ్గూ అదీ ఏం రాదు కదా?"

"గొట్టం పెట్టాంగా, పొగంతా బయటికి పోతుంది."

"ఇంటికి ఎప్పుడెళ్తావు?"

"చీకటి పడకముందే వెళ్లిపోతా. మా అమ్మ ఒక్కతే ఉంటుంది."

బెహీజా తల పంకించి, దలెండాను గుమ్మం దాకా తీసుకెళ్లి గొంతు తగ్గించింది. "నిజం చెప్పమ్మాయ్. మనిషి ఎలాంటివాడు?"

ఈ ప్రశ్నకు దలెండా అబద్ధం ఆడాల్సిన అవసరమే లేదు. "బంగారం పిన్నీ. కోపమన్నది ఎరగడు. పని చెడితే నా మీదికి నెట్టడు, తనే మళ్లీ చేస్తాడు. జీతం ఆలస్యమైనా ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషిని నేనింకెక్కడా చూళ్లేదు."

"ఇంత మెచ్చుకుంటున్నావు... మీ ఇద్దరి మధ్యా ఏమైనా ఉందా?"

దలెండా చప్పున లెక్కేసుకుంది. ఉందంటే సొంత మనుషుల్ని పెట్టుకుందని రాసేస్తారు. ఆర్డరు పోతుంది, దాంతో పాటు లస్సాదూ పోతాడు.

"అబ్బే, అలాంటిదేం లేదు. పని వరకే."

"ఒట్టు?"

"ఒట్టు పిన్నీ."

బెహీజా హాయిగా ఊపిరి పీల్చుకుంది. "అదొక్కటే అనుమానంగా ఉండేది, తీరిపోయింది. ఇక వేరేచోట చూడం. శుక్రవారం మా పెద్దవాళ్లు వచ్చి అన్నీ మాట్లాడతారు."

దలెండాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. యంత్రం దగ్గర నిలబడి వీళ్ల వైపే చూస్తున్న లస్సాద్‌కు కళ్లతోనే సైగ చేసింది. ఈ సాయంత్రమే అతనికి మనసులో మాట చెప్పెయ్యాలని అక్కడికక్కడే నిశ్చయించుకుంది. ముందు లెక్క తేలితే కావలసినన్ని పేలికలకు కబురు పెట్టుకోవచ్చు.

"చాలా సంతోషం పిన్నీ. మరి మొత్తం ఎన్ని తీసుకుంటారు?"

బెహీజా ఆశ్చర్యంగా చూసి, ఆమె బుగ్గ మీద చిన్నగా తట్టింది.

"ఎన్నేంటే తల్లీ, నాకు కావలసింది ఒక్క అల్లుడేగా!"