పిచ్చుకగూడు

"మొత్తం కత్తిరించేయండి. గుండు కొట్టించినా సరే," అంటూ పిల్ల దువ్వెన లాక్కుని మంచం మీదికి విసిరింది.

నానమ్మ చేతిలో నూనెగిన్నె అలాగే ఉండిపోయింది. ఒత్తుగా, రింగులు రింగులుగా ఉండే ఆ జుట్టును చూసే ఆవిడ మనవరాలికి పిచ్చుక అని పేరు పెట్టింది, గూడు నెత్తిన పెట్టుకుని తిరుగుతుందని. చలికాలమంతా రోజూ చిక్కటి నూనె పట్టించి, బిగించి జడ వేసి, పైన ఉన్ని టోపీ తొడిగి బడికి పంపింది. ఇప్పుడు చలి తగ్గింది. ఎండ తగిలేసరికి నూనె, చెమట, దుమ్ము కలిసి మాడంతా జిడ్డు, దురద. క్లాసులో పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు మూసుకుందట.

"ఆదివారం పార్లర్‌కి తీసుకెళ్తాలే," అన్నాడు తండ్రి షూ లేసులు కట్టుకుంటూ.

వంటగది గుమ్మంలో నిలబడిన ఆమె మెల్లగా అంది. "కత్తిరించక్కర్లేదేమో. కాలం మారింది కదా, చూసుకునే పద్ధతి కూడా మారిస్తే సరిపోతుంది."

"మీకెందుకు?" అంది పిచ్చుక.

ఆమె ఆ ఇంటికి చలికాలం మొదట్లో ఒక సూట్‌కేసుతో వచ్చింది. పిల్ల ఇంతవరకూ ఆమెను ఏమనీ పిలవలేదు. అవసరం పడితే ఎదురుగా వచ్చి నిలబడి 'మీరు' అంటుంది, అంతే. రెండేళ్ల కిందటే అక్కడికి మారిన ఆ కుటుంబం గురించి పెద్దగా తెలియని వీధిలోవాళ్లు మాత్రం తమకు తోచిన పేరు ఖాయం చేసేశారు. కొత్తమ్మ.

"మనసు కష్టపెట్టుకోకు. దానికీ టైం పడుతుంది," అన్నాడు భర్త వెళ్లబోతూ.

"పట్టనివ్వండి," అందామె.

"మాత్ర వేసుకున్నావా?" అంది అత్తగారు లోపలినుంచి, రోజూ అడిగినట్టే.

"వేసుకున్నానత్తయ్యా."

సాయంత్రం బడినుంచి వచ్చాక పిచ్చుకే ఆమె ఎదుట నిలబడింది. "నిజంగా నొప్పెట్టకుండా దువ్వగలరా?"

"ప్రయత్నిస్తాను. నొప్పెడితే చెప్పు, ఆపేస్తాను."

"ఆదివారం దాకానే."

"అలాగే."

స్నానాలగదిలోకి వెళ్తుంటే నానమ్మ లేచింది. "నేనూ వస్తాను." వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె ఏమీ అనుకోలేదు. గోరువెచ్చటి నీళ్లు పోసి, తేలికపాటి షాంపూతో మునివేళ్లతో రుద్దుతూ పాత జిడ్డంతా వదిలించింది. "ఇకనుంచి నూనె రోజూ వద్దు. తలస్నానానికి ముందు కొంచెం రాసుకుంటే చాలు. దువ్వడం కూడా తడిగా ఉన్నప్పుడే, వెడల్పు పళ్ల దువ్వెనతో. పైనుంచి లాగకూడదు. చివర్లనుంచి మొదలెట్టి పైకి రావాలి."

"మీకెలా తెలుసు?"

"నా జుట్టూ ఇలాగే ఉండేది."

"మరి ఇప్పుడంత పొట్టిగా ఉందేం?"

"చూసుకునే ఓపిక లేని రోజుల్లో కత్తిరించేశారు."

"నీళ్లు చల్లారిపోతున్నాయి," అంది నానమ్మ తలుపు దగ్గర్నుంచి.

ఆదివారం వచ్చింది. పార్లర్ మాటెత్తితే, "వచ్చే ఆదివారం చూద్దాం," అంది పిచ్చుక. ఆ వచ్చే ఆదివారమూ అదే మాట. జడ బిగించడం మానేసి ఆమె వదులుగా ముడి వేస్తోంది. గాలికి పుప్పొడి, దుమ్ము పడకుండా బడికి వెళ్లేటప్పుడు నూలు స్కార్ఫు కడుతోంది. పక్కన కూర్చునే అమ్మాయి ఏం షాంపూ అని అడిగిందట. పిచ్చుక ఆ సంగతి ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పింది.

ఒకరోజు స్నానాలగదిలో దువ్వుతుంటే మెడ వెనక గట్టి చిక్కు తగిలింది. దువ్వెన లాగింది. "అబ్బా," అని పిల్ల అరిచింది. నానమ్మ ఒక్క అంగలో లోపలికొచ్చి మనవరాలి భుజం పట్టుకుని తనవైపు లాక్కుంది. ఆమె దువ్వెన కింద పెట్టేసి రెండడుగులు వెనక్కి జరిగింది.

"చిక్కు నానమ్మా," అంది పిచ్చుక విసుగ్గా. "దానికే అంత కంగారు పడాలా?" వంగి, దువ్వెన తీసి, ఆమె చేతిలో పెట్టింది. "మీరు దువ్వండి."

నానమ్మ కాసేపు ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "నాకు కాళ్లు లాగుతున్నాయి. బాల్కనీలో కూర్చుంటాను. మీరిద్దరూ కానివ్వండి," అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది.

ఆమె చాలాసేపటిదాకా దువ్వలేకపోయింది.

"కళ్లలో షాంపూ పడిందా?" అంది పిచ్చుక.

"అవును," అందామె.

ఎండలు ముదరకముందే చివర్లు కాస్త కత్తిరిస్తే చిక్కులు తగ్గుతాయని ఆమే పిల్లను పార్లర్‌కి తీసుకెళ్లింది. ఇంతకుముందెప్పుడూ నానమ్మే తెచ్చేది. కుర్చీ ఎక్కగానే పిచ్చుక వెనక్కి తిరిగి, "నువ్వు ఇక్కడే నిలబడు," అంది. ఆ 'నువ్వు' విని ఆమె ఎక్కడున్నది అక్కడే నిలబడిపోయింది.

పార్లర్ ఆవిడ ముడి విప్పి, రింగుల్లో వేళ్లు పోనిచ్చి ఆశ్చర్యపోయింది. "పోయినసారి దువ్వెన దిగలేదు కదే. ఇప్పుడు పట్టులా ఉంది. ఎవరు చూసుకుంటున్నారు?"

పిచ్చుక వేలితో వెనక్కి చూపించింది.

"మీరేనా?" పార్లర్ ఆవిడ అద్దంలోంచే నవ్వింది. "ఏమైనా మీరు గొప్పవారండీ. కొత్తగా వచ్చిన అమ్మ పిల్లను ఇంత శ్రద్ధగా చూసుకోవడం నేనెక్కడా చూళ్లేదు."

ఆమె ఎప్పటిలాగే చిన్నగా నవ్వి ఊరుకుంది. ఆ మాట సరిదిద్దాల్సింది తను కాదని ఆమె ఎప్పుడో అనుకుంది.

"కొత్తమ్మ కాదండీ," అంది పిచ్చుక అద్దంలో ఆమెనే చూస్తూ.

కత్తెర ఆగింది.

"నన్ను కన్న అమ్మే, మనసుకొచ్చిన జబ్బు తగ్గి వచ్చేసింది."