కుదరని కళ్ళు

“ముక్కు ఇట్ల గాదు,” అంటూ అన్నమ్మ పలక మీది ముక్కును అరచేత్తో తుడిచేసింది. “ఇంకొంచెం వెడల్పు. జలుబు జేసిన పిల్లోని ముక్కు మాదిరి.”

ఆ మాటను ఇంగ్లీషులో చెప్పలేక, కొడుకు దానియేలు తన ముక్కునే వేళ్ళతో వెడల్పు చేసి చూపించాడు. నీనో నవ్వి మళ్ళీ బలపం అందుకుంది.

నీనో జార్జియా దేశపు చిత్రకారిణి. మార్కాపురం పలకరాయి కోసం నెల కిందట వచ్చి, అన్నమ్మ పనిచేసే పలకల షెడ్డు పక్కనే గది తీసుకుంది. కాగితం, గుడ్డ ఆమెకు పనికిరావు. నల్లరాతి మీద తెల్లగీత, అంతే. పెద్ద పెద్ద నగరాల్లో తన బొమ్మలు గోడలకెక్కాయని ఫోనులో చూపించేదాకా షెడ్డులో ఎవరూ నమ్మలేదు. యాభై ఏళ్ళ మనిషి బలపం పట్టుకుని ఒకటో తరగతి పిల్లలా కూర్చుంటే ఎవరు మాత్రం నమ్ముతారు!

ఈ విద్య ఆమె అమ్మమ్మది. ఆ కాలంలో వాళ్ళ దేశంలో మనుషుల్ని సర్కారు పట్టుకుపోయేదట. ఇంట్లోవాళ్ళు భయపడి, పోయినవాళ్ళ ముఖాలను ఫోటోల్లోంచి కత్తిరించి పొయ్యిలో వేసేవారట. ఏళ్ళు గడిచాక ఆ ముఖాలు గుర్తురాక, ఏడుస్తూ అమ్మమ్మ దగ్గరికి వచ్చేవారు. వాళ్ళు కళ్ళు మూసుకుని చెబుతుంటే ఆమె రాతిపలక మీద గీసేది. తప్పనిపిస్తే వాళ్ళే చేత్తో తుడిచేవారు. కళ్ళు మాత్రం అన్నింటికన్నా చివర గీసేది.

అన్నమ్మకు కావలసిందీ అలాంటి బొమ్మే. ఇరవై నాలుగేళ్ళ కిందట, పలకరాయి గని కూలి నీళ్ళు నిండిన రోజున భర్త కరుణాకరం పోయాడు. దానియేలు అప్పటికి కడుపులో ఉన్నాడు. శవం దొరకలేదు. ఉన్న ఒక్క పెళ్ళి ఫోటోనూ పటం కట్టించుకొస్తానని ఆ పొద్దునే చొక్కా జేబులో పెట్టుకుపోయాడు. అదీ ఆయనతోపాటే నీళ్ళపాలైంది.

ఇప్పుడు కొడుక్కు పెళ్ళి కుదిరింది. గిద్దలూరులో తనతో పనిచేసే ప్రశాంతిని ఇష్టపడ్డాడు. ఆదివారం ప్రశాంతి తల్లి ఇల్లు చూడ్డానికి వస్తోంది. “నాయన మొగం తెలియని పిల్లోడని నా బిడ్డను ఎవరూ అనగూడదు,” అని అన్నమ్మ పట్టుదల. పైకి చెప్పని భయం ఇంకొకటుంది. ఆ ముఖం ఆమెకే మసకబారుతోంది.

శుక్రవారానికి ముఖం వచ్చేసింది. వెడల్పు ముక్కు, పై పెదవి మీద గాటు, కొంచెం ముందుకొచ్చిన చెవులు. దానియేలు దాని ముందు నిలబడి చెవులు తడుముకున్నాడు. తన చెవులు ఎవరివో అతనికి ఆ రోజే తెలిసింది.

శనివారం నీనో కళ్ళు గీసింది. వెనక్కి జరిగి చూసి, తనే తుడిచేసింది. మళ్ళీ గీసింది, మళ్ళీ తుడిచింది. నాలుగోసారికి బలపం దించి దానియేలుతో ఇంగ్లీషులో గొణిగింది.

“ఏందంట?” అంది అన్నమ్మ.

“కళ్ళు కుదరడం లేదంట. నేరుగా గీసినా పక్కకు పోతాండాయంట.”

నిజమే. ఎదురుగా నిలబడితే బొమ్మ గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మం వైపు జరిగితే గోడ వైపు చూస్తోంది. ఎటుపోయినా మనిషిని తప్పించుకుంటోంది.

నీనో గొంతు తగ్గించి ఏదో చెప్పింది.

“పోయినోళ్ళ కళ్ళు మనల్ని నేరుగా చూస్తాయని వాళ్ళమ్మమ్మ చెప్పేదంట,” అన్నాడు దానియేలు. “ఇట్లాంటి కళ్ళు తానెప్పుడూ గీయలేదంట.”

అన్నమ్మ గుండె చెరువైంది. “మీ నాయన ఆ నీళ్ళల్లోనే తిరుగులాడుతాండాడు రా. పిడికెడు మట్టన్నా వేయలేదు గదా మనం. ఇంక మొగం ఎట్ల చూపిస్తాడు?” అని ఏడుస్తూ నీనో చేయి పట్టుకుంది. “తుడవాకక్కా. ఎట్లుంటే అట్ల ఉండనీ.”

నీనో సిలువ గుర్తు వేసుకుని బలపం పక్కన పెట్టేసింది. ఆ రాత్రి ఇంట్లో ఆ కళ్ళను చూస్తూ అన్నం తినడం తన వల్ల కాక, అన్నమ్మ పలక మీద తెల్లగుడ్డ కప్పింది.

“ప్రశాంతి వాళ్ళ నాయన వస్తాడా రేపు?” అని కొడుకును అడిగింది.

“రాడు. మార్కాపురం సంబంధమే వద్దన్నాడు గదా. పలకల దుమ్ము మింగితే మనిషి నిలవడంట. వాళ్ళమ్మే మొండికేసి ఒప్పిచ్చింది.”

“నంద్యాల అవతలోనికి మన దుమ్ము సంగతేం తెలుసులే! అడిగేటోళ్ళు లేని ఇల్లని చులకన.”

ఆదివారం ప్రార్థన వేళ దాటాక ప్రశాంతి తల్లి సువార్తమ్మ ఆటో దిగింది. గలగలా మాట్లాడే మనిషి. వంటిల్లు చూసింది, కుళాయి తిప్పి చూసింది, టీ తాగి బాగుందంది. అన్నమ్మకు సగం బరువు దిగింది.

“ఇల్లు చిన్నదైనా చల్లగుంది వదినా. మా పిల్ల సుఖపడతాది. మా ఆయన రాలేదని ఏమనుకోవాకండి, ఆయన తీరే అంత,” అంటూ సువార్తమ్మ లేచింది. “ఏదీ, మా అన్న బొమ్మ వేయించినారంట గదా. ఒక దణ్ణం పెట్టుకుంటా.”

అన్నమ్మ ఒక్క క్షణం తటపటాయించి గుడ్డ తీసింది.

సువార్తమ్మ చేతులు జోడించబోయి ఆగింది. దగ్గరికి పోయి, పెదవి మీది గాటును వేలితో తాకకుండా చూపిస్తూ, నవ్వు ముఖంతోనే అన్నమ్మ వైపు తిరిగింది.

“మా ఆయన బొమ్మ మీ ఇంట్లో ఏంది వదినా?”