మూడోసారి ఆగిన కారు

డ్రైవర్ లేని కారు మధురవాడ దాటకముందే మూడోసారి పక్కకు తీసి ఆగింది. "పాప బెల్టు ఊడింది. పెట్టేదాకా బండి కదలదు," అంది.

ముందు సీట్లో ఫోన్లో ఆఫీసు మీటింగులో ఉన్న సుభాషిణి నీరసంగా దిగి వెనక తలుపు తీసింది. రెండున్నరేళ్ల హంసిక అప్పటికే చేతులు చాపి నవ్వుతోంది.

"ఎందుకే నా ప్రాణం తీస్తావు? బెల్టు తియ్యొద్దన్నానా?"

"తీత్తే నువ్వొత్తావు కదమ్మా."

సుభాషిణికి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. స్నానం నుంచి గోరుముద్దల దాకా అన్నీ యంత్రాలే చూసుకునే ఇంట్లో తను బిడ్డను ముట్టుకునేది బెల్టు పెట్టడానికే.

బెల్టు బిగించి, "సార్, ఇవాళ్టికి నన్నొదిలేయండి," అని మీటింగు కట్టేసి పాప పక్కనే కూర్చుంది.

క్రెష్ దగ్గర కారు ఆగి, "దిగండి," అంది.

"ష్! అమ్మ బజ్జుంది," అంది హంసిక.