జారే పళ్లచక్రం

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో, వంటింటి బల్ల మీద, మల్టె కట్టిన బొమ్మ క్రేన్ కాఫీ మగ్గును ఎత్తలేకపోతోంది. పిడి తిప్పినప్పుడల్లా తెల్ల పళ్లచక్రం టకటకమని జారిపోతోంది.

“అరిగిపోయింది,” అంటూ ఆంకర్ డబ్బాలోంచి బూడిదరంగు చక్రం తీశాడు. రేపు కొడుకు మల్టె సంతాపసభలో క్రేన్ సరిగ్గా పనిచేయాలి.

“మార్చకు నాన్నా,” అంది వీబె, రై రొట్టె నములుతూ. “బరువెక్కువైతే జారేదే అది. అన్నయ్య కావాలనే వేశాడు.”

“ఎందుకే?”

“నా కోసం. నేను మొండిగా తిప్పితే ఇరుసులు విరిగేవి. ‘ఇప్పుడెంతైనా తిప్పుకో దున్నపోతా, విరగదు’ అన్నాడు.”

“నిన్ను క్రేన్ ముట్టుకోనిచ్చేవాడు కాదుగా? స్వార్థపరుడివని వాణ్ని ఎన్నిసార్లు తిట్టాను.”

“నువ్వు ఇంట్లో లేనప్పుడు ఇచ్చేవాడు.”

“మరి వాడు విరగ్గొట్టాడనుకున్న ఆ ఇరుసులన్నీ?”

వీబె నమలడం ఆపేసింది. “నేనే. తనే విరగ్గొట్టానని నీకు చెప్పేవాడు.”

ఆంకర్ బూడిదరంగు చక్రాన్ని తిరిగి డబ్బాలో వేసేశాడు. తర్వాత కొక్కెం నుంచి మగ్గు తీసేసి, క్రేన్ పిడిని కూతురి వైపు తిప్పాడు.

“ఎంత గట్టిగా తిప్పుతావో తిప్పు,” అన్నాడు.